ఉప్పులేని ఉప్పెన

ఆ ఏడు మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు పేరు మార్చారు. అప్పటిదాకా అది రేవు జట్టు. రేవులో మూటలు మోసేవాళ్ళూ పడవలకు రంగులు వేసేవాళ్ళూ కలిసి పెట్టుకున్న జట్టు గనక జనం నోట అదే పేరు పడిపోయింది. జట్టును కొత్తగా కొనుక్కున్న ఛైర్మన్ గారికి ఆ పేరులో పస కనిపించలేదు. పై ఊరి జట్టు పేరేమో గండభేరుండం. రెండు తలలు, రెండు ముక్కులు, ఒక్కో ముక్కున ఒక్కో ఏనుగు. వాళ్ళ చేతిలో వరసగా నాలుగేళ్ళు ఫైనల్లో ఓడిపోయాం. కథల్లోని పక్షిని పడగొట్టాలంటే ప్రకృతిలోంచే ఒక శక్తి పుట్టుకురావాలని ఛైర్మన్ గారు మైదానంలో సభ పెట్టి మరీ చెప్పారు. అలా మా జట్టు ‘ఉప్పెన’ అయింది.

నాది వీధి వైపు గదిలో కుట్టుపని. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. క్లబ్బు మేనేజరు నీలం బట్ట తాను తెచ్చి బల్ల మీద పడేసి, వీపు మీద ఏ మాట కుట్టాలో కాగితం మీద రాసిచ్చాడు. చదివాను. కాగితం మడిచి టేపు అందుకున్నాను. కాదనలేదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, తర్వాత నాకు వచ్చిన కోపంలో సగం నా మీదే గనక.

అప్పటికి పదిహేనేళ్ళ కిందట మా పల్లపు పేటను నీళ్ళు ముంచేశాయి. పేటకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ కింద పెద్ద చెరువు, ఆ చెరువుకు అంతకు ముందు ఏడాదే పోసిన మట్టిగట్టు. అరవై ఒక్కమంది పోయారు. వాళ్ళలో మా అమ్మ ఒకతె. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. సముద్రం ఉప్పెనై పొంగి పేట మీద పడిందనీ, ఆ తాకిడికే చెరువు గట్టు కూడా తెగిందనీ విచారణకు వచ్చినవాళ్ళు రాసుకుపోయారు. సముద్రం కదల్లేదు, గట్టే తెగింది అని మా నాన్న అన్నాడు. అంటూనే ఉన్నాడు. అప్పటి గట్టు కాంట్రాక్టరే ఇప్పటి ఛైర్మన్ గారు.

నాన్న పని మైదానంలోనే. గడ్డి కత్తిరించడం, నీళ్ళు పెట్టడం, సున్నంతో గీతలు గీయడం. తాడు కట్టకుండా గీసినా గీత వంకర పోదని ఊరంతా ఆయన్ని సున్నం మేస్త్రి అనేవారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి తమ్ముడు మొదటి చొక్కా తొడుక్కుని, అద్దానికి వీపు తిప్పి మెడ విరిగేలా చూసుకుంటున్నాడు. వాడు జట్టుకు కొత్త గోలీ. పెద్ద జట్టులో అదే మొదటి సీజను, కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

“విప్పు,” అన్నాడు నాన్న.

“పేరు ఏదైతేనేం నాన్నా, ఆడేది మేమేగా.”

“వాడు దొంగ కాగితం మీద రాయించుకున్న మాటరా అది. దాన్ని నువ్వు వీపు మీద మోస్తావా?”

తమ్ముడు చొక్కా విప్పలేదు. “రాసింది పెద్ద పెద్ద ఇంజనీర్లు నాన్నా. నువ్వు ఆ రోజు పేటలోనే లేవు. కళ్ళతో చూడనిదాని గురించి ఇన్నేళ్ళు ఎలా కొట్లాడతావు?”

వాడు గొంతు పెంచలేదు. మెల్లగా అన్నాడు, అందుకే ఎక్కువ తగిలింది. ఆ రోజు నాన్న మైదానంలో ఉన్నాడు. మైదానం మెరక మీద. ఆయన పరుగెత్తుకుంటూ దిగి వచ్చేసరికి మా వీధి ఉన్నచోట బురద ఉంది.

నాన్న నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను మిషను తొక్కుతూ తల ఎత్తలేదు. ఇంట్లో ఆ ఊసు లేచిందంటే మూడు రోజుల పాటు పొయ్యికన్నా ముందు మనుషులు మండేవారు. ఉన్న నిప్పు చాలదా, నా చేత్తో ఇంకో పుల్ల ఎందుకు అనుకునేదాన్ని. ఆయన తినకుండానే చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వానలు వెనకపట్టాక ఆటలు మొదలయ్యాయి. మొదటి ఆట రోజున జట్టు మైదానంలోకి దిగే ముందు లౌడుస్పీకర్లలో నీళ్ళ హోరు వేశారు. ఎక్కడ పట్టుకొచ్చారో గానీ అచ్చం అలాగే ఉంది. గ్యాలరీలో జనం ఈ కొసనుంచి ఆ కొసకు వరసగా లేచి కూర్చుంటూ అలలా కదిలారు. స్కూల్లో డ్రిల్లు చెప్పే మాస్టారికి మైకు ఇచ్చారు. వస్తోంది, వచ్చేస్తోంది, ప్రాణాలు దక్కించుకోండి అని ఆయన గొంతు చించుకుంటుంటే జనం పగలబడి నవ్వారు. మా వీధివాళ్ళు కూడా నవ్వారు. నేను నాన్న కోసం చూశాను. గీత పక్కన సున్నం బకెట్టు ఉంది, మనిషి లేడు. గ్యాలరీ వెనక పంపు గదిలో దొరికాడు. శుభ్రంగా ఉన్న పారను రాతి మీద పెట్టి రుద్దుతున్నాడు. హోరు ఆగేదాకా రుద్దాడు. ఆ తర్వాత పారను గోడకు ఆనించి, పో, తమ్ముడి ఆట చూడు అని నన్ను పంపేశాడు.

తమ్ముడు బాగా ఆడాడు. అబద్ధమెందుకు, వాడు గెంతి బంతిని గుండెకు హత్తుకున్నప్పుడల్లా నేనూ లేచి చప్పట్లు కొట్టాను. ఆరు ఆటల్లో వాడు వదిలిన గోల్సు రెండే. కానీ మర్నాడు పేపరు తెరిస్తే ఒళ్ళు మండేది. ఉప్పెన ఊడ్చేసింది. ఉప్పెన పొట్టన పెట్టుకుంది. ఒకడైతే ‘పదకొండు శవాలు తేలాయి’ అని పెట్టాడు. ఆట పేజీ రాసేవాడికి బంతి తగిలితే పిడుగు, కాలు జారితే భూకంపం. వాడు ఎన్నడూ శవాన్ని బురదలోంచి లాగి ఉండడు, ఏ చొక్కా ఎవరిదో గుర్తుపట్టి ఉండడు. నాలుగో ఆట తర్వాత పేపరు మాన్పించేశాను.

మా వీధి చివర పాలు పోసే పెద్దమ్మ ఉంది. ఆ నీళ్ళలో ఆవిడకు ఇద్దరు కొడుకులు పోయారు. ఒకరోజు చూస్తే ఆవిడ ఇంటి గుమ్మానికి నీలం జెండా కట్టి ఉంది. నాన్న ఆగిపోయి ఆ జెండానూ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. ఏదో ఒక పేరున మనవాళ్ళను తలుచుకుంటున్నారనుకుందాం తమ్ముడూ, మర్చిపోవడం కన్నా నయం కదా అందావిడ. నాన్న ముందుకు నడిచేశాడు. ఇంటికొచ్చాక మాత్రం, తలుచుకోవడం కాదు, తాళం వెయ్యడం అని గొణిగాడు. తర్వాత వారం రోజులు మా ఇంట్లో టీ పాలు లేకుండానే కాచుకున్నాం.

ఫైనల్ ఎవరితోనో వేరే చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరాయి. ఆటకు రెండు రోజులుందనగా ఛైర్మన్ గారు మైదానానికి వచ్చారు. నేను నాన్నకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. తెల్ల చొక్కా, మెత్తటి మాట. మైదానం నడిమధ్యన, పై మేడల మీంచి చూసినా కనిపించేటట్టు, జట్టు పేరు సున్నంతో రాయాలన్నారు. నీ చెయ్యి బంగారమట కదా మేస్త్రీ అని మెచ్చుకున్నారు. నాన్న గడ్డి వైపు చూస్తూ నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే ఛైర్మన్ గారే మొదలుపెట్టారు.

“నీ ఇంట్లో జరిగింది నాకు తెలుసయ్యా. అప్పుడు నేనూ ఏడ్చాను. పైనుంచి వచ్చిపడేదాన్ని మనిషన్నవాడు ఆపగలడా?”

“పైనుంచే వచ్చింది,” అన్నాడు నాన్న. “మీ గట్టు ఉన్న వైపు నుంచి.”

ఛైర్మన్ గారి ముఖంలో చిరునవ్వు అలాగే ఉంది. ఆ పక్కనున్న మేనేజరు, చెప్పిన పని చెయ్యి, సున్నం మాది, మైదానం మాది అన్నాడు.

“సున్నం మీదే బాబూ. చెయ్యి మాత్రం నాది.”

బకెట్టు కింద పెట్టి, పంపు గది తాళాలు దాని మీద పెట్టి, నాన్న నా చేతిలోంచి క్యారేజీ అందుకున్నాడు. ఇరవై ఏళ్ళ పని అది. ఆ మర్నాడు ఎవరో కుర్రాళ్ళ చేత ఆ పేరు రాయించారు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని తమ్ముడు చెప్తే, నాన్న నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చెప్పు తెగిన చోట కుట్టుకుంటున్నాడు. తమ్ముడి వైపు మాత్రం ఒక్కసారి కన్నెత్తి చూశాడు. నాకు పని పోయిందిరా, నీకు ఉంది, జాగ్రత్తగా చేసుకో అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫైనల్ రోజు పొద్దున తమ్ముడు నా గదిలోకి వచ్చి ఇస్త్రీ బల్ల మీద కూర్చున్నాడు. చేతిలో ఒక కాగితం. గెలిస్తే మైకులో చదవాలని మేనేజరు ఇచ్చాడట. తీసుకుని చూశాను. ‘మా అమ్మను తీసుకుపోయిన ఉప్పెనే ఇవాళ నా చేతుల్లోకి వచ్చింది’ అని మొదలైంది. కింద ఛైర్మన్ గారికి కృతజ్ఞతలు.

“అక్కా, నాకేమీ గుర్తులేదు,” అన్నాడు. “నాన్న చూడలేదు. చూసింది నువ్వొక్కదానివే. ఒక్కసారి కూడా చెప్పలేదు నువ్వు.”

మిషను ఆపాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎండ దగ్గర మొదలుపెట్టాను. తుఫాను వెళ్ళిపోయి రెండు రోజులైంది, ఆకాశం కడిగినట్టు ఉంది, అమ్మ దుప్పట్లు ఉతికి తాడు మీద ఆరేస్తోంది. మధ్యాహ్నం. కొండ వైపు నుంచి లారీలు దొర్లుతున్నట్టు చప్పుడు. అమ్మ సముద్రం వైపు చూడలేదు, కొండ వైపే చూసింది. వాణ్ణి ఎత్తి నా మెడకు తగిలించి, పక్కింటి డాబా మెట్ల మీదికి నన్ను తోసింది. తను మూడో మెట్టు మీద ఉంది. అంతే. నీళ్ళు నా గడ్డం దాకా వచ్చి దిగాయి. నోటి నిండా మింగాను.

“చప్పటి నీళ్ళురా,” అన్నాను. “బురద వాసన. ఉప్పు లేదు.”

వాడు కదలకుండా విన్నాడు. విచారణకు వచ్చిన ఆఫీసరుకు ఆ మాట చెప్పాననీ చెప్పాను. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. చిన్నపిల్లవి, భయంలో రుచి ఏం తెలుస్తుందమ్మా అని జేబులోంచి ఒక బిళ్ళ తీసి పెట్టాడు. పెన్ను మూత మాత్రం తీయలేదు. ఆ బిళ్ళ చప్పరిస్తూ నాన్న దగ్గరికి వచ్చాను, ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పలేదు. నాన్నకు కూడా. చెబితే ఆయన ఆ మాట పట్టుకుని ఆఫీసుల మెట్ల మీద తల బాదుకుంటాడని, అమ్మతో పాటు ఆయన కూడా మాకు లేకుండా పోతాడని అనుకున్నాను. చూస్తే, చెప్పకపోయినా ఆయన చేసింది అదే.

వాడు కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. చొక్కా భుజం దగ్గర కుట్టు వదిలింది, వేసిపెట్టు అన్నాడు. వేసిచ్చాను. బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆట గురించి పెద్దగా చెప్పను. మావాళ్ళు ఒక గోలు కొట్టారు. చివరి పది నిమిషాల్లో గండభేరుండానికి పెనాల్టీ వచ్చింది, తమ్ముడు ఎడమ వైపు పడి పట్టేశాడు. ఐదేళ్ళలో మొదటిసారి కప్పు పల్లానికి దిగింది. మైదానమంతా నీలం. మధ్యలో రాసిన సున్నం అక్షరాలు కాళ్ళ కింద పడి సగం చెరిగిపోయాయి. మాస్టారు తమ్ముణ్ణి వేదిక మీదికి పిలిచి భుజం మీద చెయ్యేశాడు. ఈ బిడ్డ తల్లిని ఉప్పెన మింగింది, ఇవాళ ఆ ఉప్పెనే కొడుకై వచ్చి నిలబడింది అంటూ కళ్ళొత్తుకుని మైకు చేతికిచ్చాడు. ఛైర్మన్ గారు తల ఊపారు.

తమ్ముడు గస పెడుతున్నాడు. గ్లోవ్సు తీసి చంకన పెట్టుకున్నాడు.

“మా అమ్మ ఉప్పెనలో పోలేదండి. ఉప్పెన నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ రోజు మా అక్క మింగినవి చప్పగా ఉన్నాయి. చెరువు గట్టు తెగింది.”

అంతే అన్నాడు. అరవలేదు, ఎవరి వైపూ వేలు చూపించలేదు. మాస్టారు మైకు లాక్కున్నాడు. ఎవరో గబగబా పాట పెట్టారు, అది పొరపాటున మళ్ళీ నీళ్ళ హోరే అయింది. పై ఊరి గ్యాలరీకి ఏమీ అర్థం కాలేదు, ఈలలు వేస్తూనే ఉన్నారు. మా పేటవాళ్ళు ఉన్న వైపు మాత్రం ఒక్కొక్కరే కూర్చుండిపోయారు.

లౌడుస్పీకరు మా వీధి దాకా వినిపిస్తుంది. నేను ఇంటికి చేరేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడు అన్నది నిజమేనా అని అడగలేదు.

“నీకు తెలుసు,” అన్నాడు.

“తెలుసు.”

“తెలిసే ఇరవై రెండు చొక్కాలు కుట్టావు.”

ఆయన లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను పెట్టింది తిన్నాడు, కంచం తనే కడుక్కున్నాడు. ఆ కడిగే చప్పుడు విన్నప్పుడల్లా నాకు చెంప మీద కొట్టినట్టు ఉండేది. ఇంకోవైపు నాకూ మండింది. తొమ్మిదేళ్ళ పిల్లను ఆఫీసరు దగ్గరికి ఒంటరిగా పంపించి, బయటికొచ్చాక ఏమడిగారమ్మా అని ఒక్కసారైనా అడగని మనిషి ఇప్పుడు నన్ను నిలదీస్తాడా అని. తమ్ముణ్ణి జట్టులోంచి తీసేశారు. క్రమశిక్షణ లేదన్నారు. వాడు మర్నాటినుంచి పడవలకు రంగులు వేసే చోట పనికి పోతున్నాడు.

ఐదో రోజు పాలు పోసే పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. వెనక ఇంకో ఎనిమిది మంది, అందరూ ఆ పాత వీధివాళ్ళే. ఆవిడ మొహమాటపడుతూ, నా పెద్దాడి నోట్లోంచి వచ్చింది చెరువు నాచు, ఆ రోజే చూశాను అంది. ఇంకొకాయన తన ఇంట్లో చెరువు చేపలు కొట్టుకున్నాయన్నాడు. తలా ఒక మాట. నాన్న వింటూ వింటూ లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది.

“ఇన్నేళ్ళూ ఏ కలుగులో దాక్కున్నారు మీరంతా? నన్ను పిచ్చివాడంటుంటే విన్నారు కదా. పొండి. నా గడప తొక్కొద్దు.”

అందరూ వెనక్కి జరిగారు. పెద్దమ్మ జరగలేదు.

“కొత్త ఇల్లు ఇచ్చేటప్పుడు కాగితం మీద మేం సంతకాలు పెట్టాం, నిజమే,” అంది. “సముద్రం వల్లే పోయిందని రాసి ఉంది. పెడితేనే తాళంచెవి. నువ్వు పెట్టలేదా తమ్ముడూ?”

ఆ సంగతి నాకు తెలియదు. తమ్ముడికీ తెలియదు. మేం పదిహేనేళ్ళుగా ఉంటున్న రెండు గదుల ఇల్లు అది. నాన్న తలుపు రెక్క పట్టుకున్నాడు. పిల్లలు అప్పుడు గోనెపట్టాల కింద తడుస్తున్నారక్కా అన్నాడు. ఆవిడ, నాకు మిగిలిన పిల్ల కూడా తడుస్తూనే ఉంది అంది. తర్వాత ఆవిడే ఆయన్ని చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. నేను వెళ్ళి అందరికీ టీ పెట్టాను. ఎవరు ఏం చూశారో, ఏ నీళ్ళు మింగారో నా కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటూ పోయాను. నాన్న చెప్పింది కూడా రాశాను, సంతకంతో సహా. అది కూడా రాయమని ఆయనే అన్నాడు.

వారం తిరిగేసరికి ముప్ఫై నాలుగు మంది అయ్యారు. కొందరు తలుపులు వేసుకున్నారు. మాకెందుకొచ్చిన తంటా అన్నారు, వాళ్ళనేమీ అనలేను, నేనూ అలాగే అనుకున్నదాన్నే. జట్టుకు ఆ పేరు తీసేసి వచ్చే సీజను నుంచి ‘సుడిగాలి’ అని పెడుతున్నారని మేనేజరు చొక్కాలకు కబురు పెట్టాడు. నేను కుట్టను, ఇంకెవర్నైనా చూసుకోమన్నాను. ఇప్పటికి మూడేళ్ళు గడిచాయి, విచారణ రెండోసారి మొదలై ఇంకా నడుస్తూనే ఉంది. ఛైర్మన్ గారు మొన్న కోర్టు వరండాలో నాకు నమస్కారం పెట్టారు. నేను పెట్టలేదు.

కానీ నాకు ఆ సీజను అంటే గుర్తొచ్చేది ఆట కాదు, మొదటిసారి అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళిన రోజు. నాన్న, తమ్ముడు, నేను. తమ్ముడి గోళ్ళ నిండా పడవ రంగు. రికార్డుల గదిలో కళ్ళద్దాల అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. గట్టు తెగిన కేసు కావాలన్నాడు నాన్న. ఆమె పుస్తకం తిరగేసి, ఆ పేరున ఏమీ లేదండి అంది. ఊరి పేరు, సంవత్సరం, నెల చెప్పాడు. మళ్ళీ వెతికింది. ఓపిగ్గానే ఉంది పాపం. గట్టు తెగిన కేసని పుస్తకంలో ఎక్కడా లేదండీ, ఇంకేదైనా పేరుతో ఉందా, పేరు చెప్పకపోతే ఫైలు తీయలేను అంది.

తమ్ముడు నోరు తెరవబోయాడు. నాన్న వాడి చెయ్యి పట్టి ఆపాడు. పదిహేనేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ నీళ్ళు అనేవాడు, ఆ రోజు అనేవాడు, వాళ్ళు రాసిన మాట అనేవాడు. ఆయన దవడ బిగుసుకుంది. మెడ మీద నరం లేచింది. ఎదుటి అమ్మాయి తనమీద కోపమనుకుని కాస్త వెనక్కి వాలింది.

“ఉప్పెన,” అన్నాడు నాన్న.

ఆమె లేచి బీరువా తాళం తీసింది.